18 నెలలు నేర్పించారు, ఇక ఆ పని చేయనివ్వండి

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, శాఖ ఉన్నతాధికారులకు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ పెద్దలకు నమస్కారాలు.

నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రి లేబర్ రూమ్‌లో నర్సింగ్ ఆఫీసర్‌ని. ఆసుపత్రి పేరు రాయడం లేదు. రాస్తే ఉత్తరంలో సంగతి పక్కకు పోయి నాకు మెమో మాత్రం మిగులుతుంది. అయినా ఇది ఒక్క ఆసుపత్రి గొడవ కాదు. ఏ లేబర్ రూమ్ సిస్టర్‌ని కదిపినా కొంచెం అటూ ఇటూగా ఇదే చెబుతుంది.

సంగతి మిడ్‌వైఫ్‌లది, అంటే మామూలుగా సాగే కాన్పుని సొంతంగా చూసుకునేలా ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులది. 2017లో రాష్ట్రం ఒక మంచి పని మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ సహకారంతో ప్రభుత్వ స్టాఫ్ నర్సుల్లోంచి కొందరిని ఎంపిక చేసి కరీంనగర్‌లో 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణకు పంపింది. మిడ్‌వైఫరీ సేవలకు కేంద్రం జాతీయ మార్గదర్శకాలు తెచ్చింది 2018 డిసెంబర్‌లో. అప్పటికే మన మొదటి బ్యాచ్ లేబర్ రూముల్లో పని నేర్చుకుంటోంది. ఇంత ముందుచూపుతో మొదలుపెట్టిన రాష్ట్రం ఆ తర్వాత చేయాల్సిన చిన్న పని చేయకుండా వదిలేసింది. శిక్షణ పొందిన మనిషికి కాగితం మీద ఒక స్థానం ఇవ్వలేదు. ఈ ఉత్తరం అందుకే.

శిక్షణ ఎందుకు కావాల్సి వచ్చిందో మీకు అంకెలతో సహా తెలుసు. చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. దేశ సగటు 21.5 శాతం, పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. మన ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. అంతకుముందు సర్వేతో పోలిస్తే ఈ రెండూ పెరిగాయి. జనాభా మొత్తం మీద చూస్తే 10 శాతం దాటాక సిజేరియన్లు పెరగడం వల్ల తల్లుల, పసిబిడ్డల మరణాలు తగ్గుతున్నట్టు కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది.

ఈ మాట ఎత్తగానే అందరూ ముహూర్తాల మీద పడతారు. ముహూర్తం పెట్టించుకుని వచ్చేవాళ్లు ఉన్నారు, కాదనను. పంతులు గారు టైం రాసిచ్చిన కాగితం కేస్‌షీట్‌కి పిన్ను కొట్టి ఉండటం నేనూ చూశాను. నొప్పులు మొదలైన గంటకే "మా పిల్ల తట్టుకోలేదు, ఆపరేషన్ చేసేయండి" అని మా మీదకొచ్చే మేనమామలూ ఉన్నారు. కానీ మొత్తం వాళ్ల ఖాతాలో వేసేస్తే మనం చేయాల్సింది ఏమీ లేదన్నట్టు అవుతుంది.

చిన్న ఊళ్ల ఆసుపత్రిలో మధ్యాహ్నం మూడు గంటలకు ఏం జరుగుతుందో చెప్తాను. ఒకరే గైనకాలజిస్ట్. మత్తు డాక్టర్ సాయంత్రం దాకే ఉంటారు. మొదటి కాన్పు అమ్మాయి, గర్భసంచి ముఖద్వారం పొద్దున నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది, ఇప్పుడు ఐదు. తల్లి బాగుంది, బిడ్డ గుండె చప్పుడు బాగుంది. ఓపిక పడితే ఏ రాత్రి పదింటికో పన్నెండింటికో కాన్పవుతుంది. నిజానికి ఐదు సెంటీమీటర్ల నుంచే అసలు ప్రసవ దశ మొదలైనట్టు లెక్క వేయమని, గంటకో సెంటీమీటర్ తెరుచుకోవాల్సిందే అన్న పాత కొలత వదిలేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. కానీ రాత్రి ఏదైనా తేడా వస్తే మత్తు డాక్టర్ ఉండరు, పెద్దాసుపత్రికి రిఫర్ చేయాలి. దారిలో ఏమైనా అయితే బంధువులు ఊరుకోరు, వీడియోలు తీస్తారు, అద్దాలు పగులుతాయి. మేడమ్ గడియారం చూస్తారు. నాలుగున్నరకి ఓటీకి (ఆపరేషన్ థియేటర్‌కి) షిఫ్ట్ చేయమంటారు. కారణం దగ్గర "నాన్ ప్రోగ్రెస్" అని, అంటే కాన్పు ముందుకు సాగడం లేదని రాస్తారు. ఇందులో ఆవిడకి ఒక్క రూపాయి లాభం లేదు. ఆ రాత్రి బాధ్యత పంచుకునే మనిషి లేదు, అంతే. ఇక ఆ అమ్మాయికి రెండో కాన్పు కూడా దాదాపు ఆపరేషనే అని అప్పుడే ఖాయమైపోతుంది.

ఆ బాధ్యత పంచుకునే మనిషి కోసమే కదా 18 నెలలు ఖర్చు పెట్టి తయారు చేసింది!

శిక్షణ నుంచి తిరిగొచ్చిన మా సహోద్యోగి ఒకామె నైట్ డ్యూటీలో ఎలా పనిచేస్తుందో దగ్గరుండి చూశాను. తొలిచూలు అమ్మాయి, పంతొమ్మిదో ఇరవయ్యో ఏళ్లు ఉంటాయి. వచ్చీ రాగానే బల్ల ఎక్కించలేదు. వరండాలో నడిపించింది. పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టి నడుము కింద అరచేత్తో నొక్కి పట్టింది, ఎలా పట్టుకోవాలో ఆ పిల్ల వాళ్లమ్మకి కూడా చూపించింది. మధ్యమధ్యలో కొబ్బరినీళ్లు తాగించింది. అరగంటకోసారి డాప్లర్ పెట్టి బిడ్డ గుండె విని, షీట్‌లో రాసి, "బాగుంది తల్లీ" అని చెప్పి మళ్లీ పక్కనే కూర్చుంది. చివర్లో అయిదేసి నిమిషాలకి వినడం మొదలుపెట్టింది. ఆ పిల్ల పక్కకు తిరిగి పడుకుంటానంటే అలాగే పడుకోనిచ్చింది. తల కనిపించినప్పుడు ముక్కొద్దని, చిన్నగా ఊపిరి వదలమని చెప్పింది. కోత పెట్టలేదు, కుట్లు పడలేదు. బిడ్డ బయటికి వచ్చిన నిమిషంలోపు తల్లికి ఎక్కువ రక్తస్రావం కాకుండా ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకి ఇచ్చింది. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా ఆగి అప్పుడు కత్తిరించింది. బిడ్డ అప్పటికే తల్లి గుండెల మీద ఉంది.

అదే గదిలో రెండో బల్ల మీద మామూలు పద్ధతి నడుస్తోంది. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు పైకి పెట్టించి, "ముక్కమ్మా, ముక్కు, ఇంకా గట్టిగా" అని నలుగురు అరవడం, ఒకరు పొట్ట పైనుంచి నొక్కడం, అడగకుండానే కోత పెట్టడం. తొడ మీద ఒక దెబ్బ, దానితో పాటు ఒక ఎకసక్కెం మాట కూడా మన లేబర్ రూముల్లో కొత్తేం కాదు. సర్కారు దవాఖానా అంటే ఆడవాళ్లు దేనికి భయపడతారో అది అక్కడే ఉంది. ఖరీదైన మిషన్లు కొనకుండా, గోడలకి రంగులు వేయకుండా ఆ భయం పోగొట్టగల దారి మొదటి బల్ల దగ్గర కనిపించింది.

తర్వాతి నెల డ్యూటీ చార్ట్‌లో ఆ సిస్టర్ పేరు ఫీమేల్ మెడికల్ వార్డులో ఉంది.

ఎవరినీ తప్పు పట్టలేం. సూపరింటెండెంట్ గారి ఫైల్లో ఆమె హోదా నర్సింగ్ ఆఫీసర్. నర్సింగ్ ఆఫీసర్లకి రొటేషన్ ఉంటుంది. వార్డులో ఇద్దరు సెలవు పెడితే చార్ట్ రాసేవాళ్లు ఎవరో ఒకరిని తీసి వేయాలి. మిడ్‌వైఫ్ అనే పోస్టే ఆసుపత్రి మంజూరు జాబితాలో లేనప్పుడు, ఆమెని కదపకూడదని చెప్పే కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? గుండె ఆపరేషన్ నేర్చుకుని వచ్చిన సర్జన్‌ని కంటి విభాగంలో కూర్చోబెడితే పేపర్లో వార్త అవుతుంది. ఇది మాత్రం ఎవరికీ వింతగా అనిపించదు. ఎందుకంటే నర్సు అంటే ఎక్కడ వేస్తే అక్కడ పనిచేసే మనిషి అనే లెక్క మనందరి బుర్రల్లో స్థిరపడిపోయింది.

ఈ లెక్కకి మూలం మన రిజిస్ట్రేషన్‌లోనే ఉంది. జీఎన్‌ఎం డిప్లొమా చేసినా బీఎస్సీ నర్సింగ్ చేసినా కౌన్సిల్ మా చేతికిచ్చే సర్టిఫికెట్ మీద "రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్" అని రెండూ ఉంటాయి. అంటే రాష్ట్రంలో ఉన్న నర్సులందరూ కాగితం మీద మిడ్‌వైఫ్‌లే. కార్డియాక్ ఐసీయూలో పదేళ్లుగా వెంటిలేటర్లు చూసుకుంటున్న సిస్టర్ కూడా మిడ్‌వైఫే. అందుకే ప్రత్యేకంగా మిడ్‌వైఫ్ ఎందుకని సచివాలయంలో ఎవరైనా అడిగితే, నియమాల ప్రకారం చూస్తే ఆ ప్రశ్నలో తప్పు లేదు! బ్రిటన్‌లో రిజిస్టర్ ఉంచేది ఒకే కౌన్సిల్ అయినా నర్సుల భాగం వేరు, మిడ్‌వైఫ్‌ల భాగం వేరు. ఇక్కడి రెండు పేర్ల సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లిన మన అమ్మాయిలు అక్కడ నర్సులుగా చేరతారు, లేబర్ రూమ్ బాధ్యత మాత్రం వాళ్లకి ఇవ్వరు. మన సర్టిఫికెట్‌లోని ఆ రెండో పేరుకి బయట ఉన్న విలువ అంత.

దానికి కారణం చదువులో ఉంది. ఈ విషయం కౌన్సిల్ పెద్దలతోనే మాట్లాడాలి. చాలా ఏళ్లపాటు విద్యార్థి 20 సాధారణ కాన్పులు తన చేత్తో చేసి కేస్‌బుక్‌లో రాయాలన్నది నిబంధన. ఇప్పుడు నా లేబర్ రూమ్‌కి రండి. ప్రతి జిల్లాకీ మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషమే. దాంతో ఒక బల్ల చుట్టూ పీజీలు, హౌస్ సర్జన్లు, వాళ్ల వెనక రెండు మూడు నర్సింగ్ కాలేజీల పిల్లలు, గుమ్మం దగ్గర ఏఎన్‌ఎం స్కూలు పిల్లలు. ఉన్న కాన్పుల్లో సగానికి దగ్గరగా ఓటీకి పోతాయి. మిగిలిన వాటిలో గ్లౌజులు వేసుకునే వంతు నర్సింగ్ విద్యార్థికి ఎప్పుడొస్తుంది? రాదు. కానీ కేస్‌బుక్ మాత్రం నిండుతుంది. నా రిజిస్టర్ అడిగి తీసుకుని ఐపీ నంబర్లు, బిడ్డ బరువులు రాసుకుంటారు. ఒకే కాన్పు ఎనిమిది మంది పుస్తకాల్లోకి ఎక్కుతుంది. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు, సంతకం పెట్టకపోతే ప్రాక్టికల్స్‌కి కూర్చోనివ్వరు. వాళ్ల కాలేజీ మేడమ్‌లకి తెలుసు, ఎగ్జామినర్‌కి తెలుసు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లకీ తెలుసు. లేబర్ రూమ్‌లో డ్యూటీ చేసి ఏళ్లు దాటిపోయిన ట్యూటర్ బొమ్మ మీద కాన్పు చూపిస్తారు, అంతటితో రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ తయారు.

కాలేజీకి అనుమతి ఇచ్చేటప్పుడు ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయో చూస్తున్నారు. మిడ్‌వైఫరీ వరకు పడకలు లెక్క కాదు. ఆ లేబర్ రూమ్‌లో నెలకి ఎన్ని సాధారణ కాన్పులు అవుతున్నాయి, వాటిని ఎంతమంది విద్యార్థులు పంచుకుంటున్నారు, ఇవి చూసి సీట్లు ఇవ్వండి. సీట్లు తగ్గుతాయి. యాజమాన్యాలు మీ ఆఫీసు చుట్టూ తిరుగుతాయి. తిరగనివ్వండి.

ఇక మధ్యలో ఎస్‌బీఏ (స్కిల్డ్ బర్త్ అటెండెంట్) శిక్షణ ఉంది, కాన్పు చేయడం నేర్పేది, 21 రోజులది. అది తీసుకున్న ఏఎన్‌ఎం, స్టాఫ్ నర్సు అత్యవసరంలో ఆక్సిటోసిన్, బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌కి మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇవ్వవచ్చని కేంద్రం మార్గదర్శకాలే చెబుతున్నాయి. 21 రోజులు నేర్చుకున్నవాళ్లు ఏం చేయవచ్చో అచ్చులో ఉంది. 18 నెలలు నేర్చుకున్నామె మా ఆసుపత్రిలో సొంతంగా ఏం చేయవచ్చో చెప్పే ఒక్క పేజీ ఉత్తర్వు ఇప్పటిదాకా నా కంటపడలేదు. ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టర్ మంచివారైతే ఆమె మిడ్‌వైఫ్, కాకపోతే సెలైన్ పెట్టే సిస్టర్.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. కాన్పు చేసేది సిస్టర్, రిజిస్టర్‌లో "కాన్పు చేసినవారు" దగ్గర రాసేది డాక్టర్ పేరు. అంతా బాగుంటే ఎవరికీ పట్టదు. బ్లీడింగ్ అయి తల్లి పరిస్థితి విషమిస్తే మాత్రం విచారణలో మొదట పిలిచేది ఆ రాత్రి డ్యూటీ సిస్టర్నే. ఫోన్‌లో చెప్పిన ఆర్డర్‌కి సాక్ష్యం ఉండదు. దీనికి భయపడి తెలివైన సిస్టర్లు ఏం చేస్తారంటే, ప్రతి చిన్నదానికీ డాక్టర్‌ని పిలిచి చేతులు దులుపుకుంటారు. డాక్టర్ విసిగిపోయి ఓటీకి పంపుతారు. సిజేరియన్ల లెక్కలో ఈ టెన్షన్ వాటా ఎంతో ఏ సర్వే చెప్పదు.

కాబట్టి రాసివ్వమంటున్నాను. తొమ్మిది నెలలు నిండి, తల కిందికి ఉండి, వేరే జబ్బులేవీ లేని తల్లిని మిడ్‌వైఫ్ తన పేరు మీద అడ్మిట్ చేసుకుని, కాన్పు చేసి, రిజిస్టర్‌లో తన పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ రాసుకోవచ్చని రాయండి. ఏయే మందులు ఏ డోసులో ఆమె సొంతంగా ఇవ్వవచ్చో పేర్లతో రాయండి. బీపీ పెరిగినా, ఉమ్మనీరు పచ్చగా వచ్చినా, బిడ్డ గుండె చప్పుడు నిమిషానికి 110 కంటే తగ్గినా 160 దాటినా, ఇంతకుముందు ఆపరేషన్ అయిన తల్లి వచ్చినా, రక్తస్రావం ఆగకపోయినా డాక్టర్‌ని పిలిచి తీరాలని కూడా రాయండి. పిలిచాక డాక్టర్ ఎన్ని నిమిషాల్లో రావాలో రాయడం మర్చిపోకండి. ఎప్పుడూ ఆ ఒక్క వాక్యమే మిగిలిపోతుంది.

గైనకాలజిస్టుల్లో కొందరికి ఇది నచ్చదని తెలుసు. మిడ్‌వైఫ్ సిజేరియన్ చేయదు, ఫోర్సెప్స్ పట్టదు. ఆమె చూసుకునేది మామూలుగా సాగే కాన్పు. సాగనప్పుడు గుర్తుపట్టి పిలవడం కూడా ఆమె చదువులో భాగమే. మా మేడమ్‌నే అడిగితే, రాత్రి రెండు గంటలకు నమ్మకంగా ఫోన్ చేసే ఒక మనిషి లేబర్ రూమ్‌లో ఉంటే తను నిద్రపోగలనని అన్నారు. మేడమ్ కోరుకున్నది కూడా అంతే.

వార్డుల్లో సిస్టర్లు చాలరు, మిడ్‌వైఫ్‌లని పక్కన పెడితే ఎలా అంటారేమో. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో ఒకేసారి 6,956 మంది నర్సింగ్ ఆఫీసర్లకు నియామక పత్రాలిచ్చారు. వాళ్లొచ్చాక కూడా కొరత పూర్తిగా తీరలేదు, నిజమే. అయినా శిక్షణ పొందిన కొద్దిమందిని లేబర్ రూమ్‌లో స్థిరంగా ఉంచలేనంత కొరత అయితే కాదు. స్టాఫ్ నర్స్ అన్న పేరు తీసి నర్సింగ్ ఆఫీసర్ అని పెట్టినప్పుడు మేమంతా స్వీట్లు పంచుకున్నాం. దానికి ఒక జీవో సరిపోయింది. మిడ్‌వైఫ్‌లకి వేరే కేడర్ కావాలంటే పోస్టుల మంజూరు, సర్వీస్ రూల్స్ అంటూ ఆర్థిక శాఖ చుట్టూ తిరగాలని నాకూ తెలుసు. అది అయ్యేలోపు శిక్షణ పొందినవాళ్లని రొటేషన్ నుంచి తప్పిస్తూ ఒక మెమో ఇవ్వడానికి ఆర్థిక శాఖతో పని లేదు. ఇల్లూ పిల్లల్నీ వదిలి వెళ్లి చదువుకుని వచ్చినవాళ్లకి అదనంగా కొంత అలవెన్సు ఇస్తే బాగుంటుంది. అది తర్వాత మాట్లాడుకుందాం.

కౌన్సిల్‌కి ఇంకో మాట. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. చట్టం పేరులోనే మిడ్‌వైఫరీ విడిగా ఉంది. విద్యకి ఒకటి, కాలేజీల మదింపుకి ఒకటి, నైతికత, రిజిస్ట్రేషన్లకి ఒకటి చొప్పున మూడు బోర్డులు ఉండాలని, రాష్ట్రాల్లో కూడా కమిషన్లు ఏర్పడాలని అందులో ఉంది. పాత కౌన్సిల్ బోర్డు తీసి కొత్త కమిషన్ బోర్డు తగిలించి, లోపల అవే పుస్తకాలు కొనసాగించే అవకాశం బాగా ఉంది. అలా కాకుండా, రాష్ట్ర రిజిస్టర్‌లో 18 నెలల శిక్షణ పూర్తి చేసినవాళ్లకి వేరే భాగం తెరవండి. రెన్యువల్‌కి వచ్చినప్పుడు వాళ్లు ఆ మధ్యకాలంలో కాన్పులు చేశారా లేదా అడగండి. ఎక్కడో హాల్లో కూర్చుని సంతకం పెట్టి భోజనం చేసి వచ్చిన సదస్సుల గంటలకంటే ఆ లెక్క నమ్మకమైనది.

ప్రైవేటు సంగతి పెద్దది, ఈ ఉత్తరంలో ఇమడదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. ప్రతి ఆసుపత్రి సిజేరియన్ల వివరాలు రాబ్సన్ వర్గీకరణ ప్రకారం బయట పెట్టించండి. తల్లుల్ని పది గుంపులుగా విడదీసే పద్ధతి అది. మొదటి గుంపులో వచ్చేది తొలి కాన్పు, నెలలు నిండిన ఒకే బిడ్డ, తల కిందికి ఉండి, నొప్పులు వాటంతట అవే వచ్చిన తల్లులు. వాళ్లలో కూడా సగం మందిని ఓటీకి పంపే ఆసుపత్రి ఏదైనా ఉంటే, కాంప్లికేటెడ్ కేసులన్నీ మాకే వస్తాయని అది చెప్పుకోలేదు. ఆ లెక్క ప్రభుత్వ ఆసుపత్రులదీ పెట్టండి, మాదీ పెట్టండి.

చిన్న సంగతి ఒకటి, మధ్యలో చెప్పడం కుదరలేదు. కాన్పు సమయంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని లేబర్ రూముల నాణ్యత కోసం కేంద్రం 2017లో తెచ్చిన లక్ష్య కార్యక్రమం చెబుతోంది. మా దగ్గర ఉండనివ్వకపోవడానికి కారణం మనసు లేక కాదు, బల్లకీ బల్లకీ మధ్య పరదా లేక. పరదాలు కావాలని ఇండెంట్ (సామాను కోసం అడిగే కాగితం) పెట్టి ఉంది, చూడండి.

మొదట చేయాల్సిన పనికి మాత్రం డబ్బు అక్కర్లేదు. ఇప్పటిదాకా మిడ్‌వైఫరీ శిక్షణ పూర్తి చేసినవాళ్ల జాబితా మీ కమిషనరేట్‌లోనే ఉంటుంది. పేరు, ఆసుపత్రి అని రెండు కాలమ్‌లు ఉండి ఉంటాయి. దానికి మూడో కాలమ్ ఒకటి చేర్చి, ఈ నెల డ్యూటీ చార్ట్‌లో ఎవరు ఏ వార్డులో ఉన్నారో ప్రతి సూపరింటెండెంట్ దగ్గర్నుంచీ తెప్పించండి. ఆ కాగితం మీ టేబుల్ మీదకి వచ్చాక, వచ్చే బదిలీల కౌన్సెలింగ్‌కి ముందే లేబర్ రూమ్ పోస్టుల మెమో ఇవ్వండి.

ఇట్లు,
ఒక లేబర్ రూమ్ నర్సింగ్ ఆఫీసర్